వేసవికి అమ్మమ్మ ఊరు: పిల్లల డాక్టర్‌గా నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కావలిలో పిల్లల డాక్టర్‌ని. ఏప్రిల్ ఆఖరు వారం రాగానే హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ ఫోన్లు మొదలవుతాయి: "సార్, బాబుని అమ్మమ్మ వాళ్ల ఊరికి పంపుతున్నాం, అక్కడి నీళ్లు పడతాయా, ఎండకి తట్టుకుంటాడా?" మేలో అదే బాబుని వాళ్ల తాత బైక్ మీద కూర్చోబెట్టుకుని, నెత్తిన తడి తువ్వాలు కప్పి పట్టుకొస్తాడు. ఫోన్‌లో అమ్మానాన్నలు భయపడే వాటికీ, తాత తీసుకొచ్చే జబ్బుకీ చాలాసార్లు సంబంధమే ఉండదు.

అపోహ: కనిగిరి, ఉదయగిరి వైపు నీళ్లు నెల తాగితే పళ్లు పాడైపోతాయి.

అటువైపు చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది నిజమే. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, చాలాచోట్ల దాటుతుంది. కానీ పళ్ల మీద ఆ గోధుమ మచ్చలు రావాలంటే పళ్లు తయారవుతున్న వయసులో, అంటే సుమారు 8 ఏళ్ల లోపు, ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగాలి. నెల రోజులకి ఏమీ కాదు. కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం ఇంకో పొరపాటు, కాచితే క్రిములే చస్తాయి. టెన్షన్ పడాల్సింది అక్కడే పుట్టి అక్కడే పెరిగే పిల్లల గురించి, వాళ్ల కోసం మాత్రం ఎవరూ ఫోన్ చేయరు.

విరేచనాలైతే నీళ్లు మారాయని సరిపెట్టుకోకుండా ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుడు నీళ్లలో కలిపి చిక్కగా పట్టేవాళ్లున్నారు, ఉప్పు ఎక్కువై అసలుకే మోసం వస్తుంది.

అపోహ: మామిడిపండ్లు వేడి, తింటే సెగ్గడ్డలు లేస్తాయి.

సెగ్గడ్డ బ్యాక్టీరియా వల్ల వస్తుంది. చెమట, దుమ్ము, చెమటకాయల్ని గోళ్లతో గీకడం, ఇవన్నీ మామిడిపండ్ల కాలంలోనే జరుగుతాయి కాబట్టి నింద పండు మీద పడింది. మూతి చుట్టూ పొక్కితే అది సొన పని. తొడిమ కోసి, సొన కారిపోయాక కడిగి పెట్టండి, చాలు.

అపోహ: జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదు.

తగులుతుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టున ఉంచండి. ఒళ్లు కాలిపోతూ పిల్లాడు తిక్కతిక్కగా మాట్లాడుతుంటే జ్వరం మాత్ర పనిచేయదు. బట్టలు విప్పి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి.

అపోహ: మగతగా పడుంటే ఎండకి సొమ్మసిల్లినట్టే.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. రెండేళ్ల క్రితం మూడేళ్ల పాపని ఇలాగే "ఎండ తగిలింది సార్" అంటూ తెచ్చారు. ఒళ్లు చల్లగా, చెమటగా ఉంది. వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ 34, అంటే బాగా పడిపోయింది. "ఇంట్లో ఎవరికన్నా షుగర్ ఉందామ్మా?" అంటే ఆ అమ్మమ్మ కాసేపు ఆలోచించి, "మా ఆయనకుందయ్యా, బిళ్లలు టీవీ పక్కన పెడతాడు" అంది. పాప బతికింది, ఒక రోజంతా గ్లూకోజ్ మీద ఉంచాం. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర ఒక్కటి మింగినా అంత చిన్న పిల్లలకి షుగర్ పడిపోతుంది, అదీ వెంటనే అని కాదు, కొన్ని గంటల తర్వాత కూడా పడొచ్చు. బీపీ మాత్రలూ తక్కువేం కాదు. ఏడాదంతా పిల్లల్లేని ఇల్లు కదా, మాత్రలు చేతికందేలా ఉంటాయి, పురుగుమందు కూల్‌డ్రింక్ సీసాలో ఉంటుంది. అది తాగారని తెలిస్తే ఉప్పునీళ్లు పట్టి కక్కించకండి, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకురండి. మనవడు దిగేలోపు ఇవన్నీ ఎత్తున, తాళంలో పెట్టాలి. చెప్తే తాతకి కోపం వస్తుంది, రానీండి.

అపోహ: కుక్క కరిస్తే కారం, సున్నం పెట్టాలి. టీకా అంటే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు.

ఆ పాత టీకాని మన దేశంలో 2004లోనే ఆపేశారు. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేతికి వేస్తారు: మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకి. ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. రక్తం వచ్చిందంటే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్‌ని అడ్డుకునే ఇంజెక్షన్) కూడా కావాలి. కుక్కపిల్లే కదా అనొద్దు.

అపోహ: తేలుకి మంత్రం చాలు.

మంత్రంతో తగ్గినవి ఎలాగూ తగ్గేవే. చిన్న ఎర్రతేలు పిల్లల గుండె మీద పనిచేస్తుంది: చల్లటి చెమటలు, వాంతులు, చేతులూ కాళ్లూ చల్లబడటం. దీనికి ప్రజోసిన్ అనే మామూలు బీపీ మాత్ర వాడి ప్రాణాలు నిలపొచ్చని చూపించింది మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, 2022లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి. ఎంత తొందరగా తెస్తే అంత మేలు. ఆరుబయట మంచాలేసుకునే ఇళ్లలో దుప్పటి దులపండి, చెప్పులు దులిపి వేసుకోమనండి.

అపోహ: ఊరి పిల్లలతోనే కదా, చెరువులో దిగనీ.

వేసవిలో చెరువు మట్టి తవ్వుకుపోతారు. మోకాల్లోతు నీళ్ల పక్కనే నిలువెత్తు గుంత ఉంటుంది. మునిగే పిల్లాడు కేకలు వేయడు, చప్పుడు లేకుండా పోతాడు. ఈత వచ్చిన పెద్దవాళ్లు ఒడ్డున కాదు, నీళ్లలో ఉండాలి.

అపోహ: ఊరికెళ్తే పిల్లాడు చిక్కిపోయి వస్తాడు.

వస్తాడు. పొద్దస్తమానం పరిగెత్తితే అరకిలో తగ్గుతాడు, నల్లబడతాడు కూడా. ఎన్ని తాటి ముంజలు తిన్నాడో వాడినే అడగండి. జూన్‌లో నా దగ్గరికొచ్చి ఆకలికి సిరప్ రాయమని మాత్రం అడగొద్దు, నేను రాయను.