కాలువ గట్టు నడక ఒక్కటే చాలదు

కోనసీమలో పొద్దున్నే కాలువ గట్ల మీద నడిచేవారిని పలకరిస్తే చాలామంది చెప్పే మాట ఒకటే: "షుగరండీ, డాక్టరుగారు నడవమన్నారు." ఆ నడక మంచిదే, దాన్ని ఎవరూ మానకూడదు. అయితే మధుమేహానికి నడకే సంపూర్ణ వ్యాయామమన్న అభిప్రాయం మాత్రం సరికాదు.

రెండో రకం మధుమేహంలో శరీరంలో ఇన్సులిన్ ఉన్నా కండరాలు దానికి సరిగా స్పందించవు. డెల్టా రైతుకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది: కాలువ నిండుగా పారుతున్నా తూము తెరవకపోతే చేలోకి నీరెక్కదు. కండర కణాలలో గ్లూట్-4 అనే ప్రొటీన్లు ఆ తూముల పని చేస్తాయి. మామూలుగా ఇన్సులిన్ సంకేతం అందితేనే ఇవి కణం పైపొరకు చేరి గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి. కానీ కండరం పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే పైకి వస్తాయి. వ్యాయామం ముగిశాక కూడా ఒకటి రెండు రోజులపాటు కండరం ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందిస్తుంది కాబట్టే, వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వవద్దంటారు. నడక, సైకిలు తొక్కడం వంటివి ఈ తూములను తెరుస్తాయి. బరువులెత్తే వ్యాయామాలు ఆ పని చేస్తూనే కండరాన్ని కూడా పెంచుతాయి, అంటే నీరు తీసుకునే చేను విస్తీర్ణమే పెరుగుతుందన్నమాట.

ఈ రెండింటినీ పోల్చిన ముఖ్యమైన ప్రయోగం ఒకటి కెనడాలో జరిగి 2007లో వెలువడింది. అందులో 251 మందిని నాలుగు బృందాలుగా చేసి సుమారు ఆరు నెలలు గమనించారు. దాదాపు మూడు నెలల చక్కెర సగటును శాతంలో తెలిపే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ, వ్యాయామం చేయని బృందంతో పోలిస్తే, నడక వంటి వ్యాయామం చేసినవారిలో 0.51, బరువులెత్తినవారిలో 0.38 శాతం పాయింట్ల మేర ఎక్కువగా తగ్గింది. రెండూ చేసినవారిలో, నడక బృందం కంటే మరో 0.46 తగ్గింది. రెండూ చేసినవారు ఎక్కువ సమయం వెచ్చించారు కదా అన్న సందేహం న్యాయమైనదే. ఆ సందేహం తీర్చినది 2010లో వెలువడిన అమెరికా ప్రయోగం. 262 మందితో తొమ్మిది నెలలు సాగిన ఆ ప్రయోగంలో అన్ని వ్యాయామ బృందాలకూ సమయాన్ని దాదాపు సమానంగా ఉంచారు. అయినా వ్యాయామం చేయనివారితో పోలిస్తే హెచ్‌బీఏ1సీ చెప్పుకోదగినంతగా, అంటే 0.34 మేర, తగ్గింది రెండూ కలిపి చేసినవారిలో మాత్రమే. నన్ను బాగా ఒప్పించిన ఫలితం ఇదే.

బరువులంటే జిమ్ముకే వెళ్లనక్కరలేదు. మా ఎదురింటి మామ్మగారు వసారాలో చెక్క కుర్చీ వేసుకుని, చేతులు గుండెల మీద కట్టుకుని, పదిసార్లు లేచి అంతే నెమ్మదిగా కూర్చుంటారు. మొదట్లో కుర్చీ చేయి పట్టుకోకుండా ఆవిడ లేవలేకపోయేవారు. ఆ తరువాత గోడకు అరచేతులానించి ముందుకు వంగి లేస్తారు, నీళ్లు నింపిన సీసాలు రెండు చేతులా పట్టుకుని భుజాల వరకు ఎత్తుతారు. వానాకాలంలో గట్లు బురదై నడక ఆగిపోయినా ఈ పని ఆగదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడకతోపాటు ఇలాంటివి రెండు మూడు రోజులు చేయాలన్నది వైద్యుల సాధారణ సలహా.

మూడు పూటలా అన్నం తినే మన ప్రాంతానికి మరో ఫలితం కూడా పనికొస్తుంది. న్యూజిలాండ్‌లో 2016లో వెలువడిన అధ్యయనంలో, రోజులో ఎప్పుడో ఒకసారి 30 నిమిషాలు నడవడం కంటే ప్రతి భోజనం తరువాత 10 నిమిషాలు నడిచినప్పుడు, తిన్నాక పెరిగే చక్కెర సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తరువాత ఈ తేడా ఇంకా ఎక్కువ.

ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి వ్యాయామంలో చక్కెర మరీ పడిపోవచ్చు కాబట్టి, జేబులో గ్లూకోజు పొడో బెల్లం ముక్కో ఉంచుకోవాలి. కంటి రెటీనా దెబ్బతిన్నవారు వైద్యుణ్ణి అడగకుండా పెద్ద బరువులు ఎత్తకూడదు. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు గనుక, గట్టు మీద వట్టికాళ్లతో నడవకుండా బూట్లు వేసుకుని, ఇంటికి రాగానే అరికాళ్లు వెలుతురులో చూసుకోవాలి.