సాఫ్ట్‌వేర్ పియానోకు కన్వల్యూషన్ రివర్బ్: అపోహలు - వాస్తవాలు

హన్మకొండ, కాజీపేట గల్లీల్లో జానపద పాటలకు, క్రిస్మస్ పాటలకు ట్రాకులు కట్టే చిన్న స్టూడియోల్లో వినిపించే పియానో చాలామటుకు ల్యాప్‌టాప్‌లోదే. దానికి హాలు మోత (రివర్బ్) తేవడానికి, నిజమైన హాలులో తీసిన రికార్డింగును వాడుకునే కన్వల్యూషన్ రివర్బ్ పెడతారు. ఒక హాలులో స్పీకర్ పెట్టి, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా పాకే స్వీప్‌ను మోగించి, మైకులతో రికార్డు చేసి, లెక్కగట్టి ఆ స్వీప్‌ను విడదీస్తే హాలు స్పందన మిగులుతుంది. అదే ఇంపల్స్ రెస్పాన్స్, వాడుకలో ఐఆర్. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామైన ప్లగిన్ మన పియానోను ఆ ఐఆర్‌తో కలిపి లెక్కిస్తుంది. ఐఆర్‌లో గది మాత్రమే ఉంటుంది. పియానోలో లేనిదాన్ని అది తెచ్చిపెట్టలేదు. కింద చెప్పే తప్పుల్లో పెద్దవి ఈ సంగతి మరిచిపోవడం వల్ల వచ్చేవే.

అపోహ: “మంచి ఐఆర్ దొరికితే ఏ పియానో అయినా కన్సర్ట్ గ్రాండ్ లెక్క మోగుతది.”

వాస్తవం: మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా ఐఆర్ ఒకే తీరుగా స్పందిస్తుంది. అసలు పియానోలో సస్టెయిన్ పెడల్ తొక్కితే తీగల మోతను ఆపే డ్యాంపర్లన్నీ లేచి, మనం నొక్కని తీగలు కూడా మోగుతాయి. ఏ తీగలు ఎంత మోగుతాయన్నది అప్పుడు వాయించిన స్వరాలను బట్టి ఉంటుంది. గది ఐఆర్‌కు ఆ సంగతి తెలియదు. పియానోటెక్ అనే సాఫ్ట్‌వేర్ పియానో ఆ మోతను లెక్కగట్టి పుట్టిస్తుంది. అసలు పియానో రికార్డింగులతో (శాంపిళ్లతో) చేసిన పియానోల్లో కొన్ని పెడల్ తొక్కి తీసిన శాంపిళ్లు విడిగా ఇస్తాయి. పియానో పలచగా వినిపిస్తే ముందు అక్కడ చూడండి. కీని ఎంత గట్టిగా కొడితే ఎంత శబ్దం రావాలో చెప్పే వెలాసిటీ కర్వ్ సరిచేయండి. సాఫ్ట్‌వేర్ సగం పెడల్‌ను గుర్తించేదైతే, కీబోర్డు పంపే పెడల్ సందేశం (మిడీ కంట్రోలర్ 64) నుంచి 0, 127 మాత్రమే వస్తున్నాయా, మధ్య విలువలు కూడా వస్తున్నాయా గమనించండి. రివర్బ్ తరువాతి పని.

అపోహ: “పియానోల ఉన్న రివర్బ్ ఉండనీ, పైన ఇంకోటి వేస్తే నిండుగ ఉంటది.”

వాస్తవం: రెండు గదులు ఒకదానిలో ఒకటి మోగుతాయి, స్వరం మొదలు మసకబారుతుంది. సాఫ్ట్‌వేర్ లోపలి రివర్బ్ ఆపండి. మైకుల మిక్సర్ ఉంటే రూమ్ మైకులు మూసి దగ్గరి మైకులు మాత్రమే ఉంచండి. వాటిలో కూడా రికార్డు చేసిన గది కొంచెం మిగిలే ఉంటుంది, అందుకే బయటి ఐఆర్‌ను తక్కువ మోతాదులోనే వేయాలి.

అపోహ: “డ్రై, వెట్ సగం సగం పెడితే సరిపోతది.”

వాస్తవం: డ్రై అంటే రివర్బ్ లేని అసలు శబ్దం, వెట్ అంటే రివర్బ్ శబ్దం. ఎక్కువ పియానోలు పాడయ్యేది ఇక్కడే. చాలా ఐఆర్ ఫైళ్లలో మొదటి నిటారు గీత స్పీకర్ నుంచి మైకుకు నేరుగా వచ్చిన శబ్దం. మన డ్రై పియానో కూడా నేరు శబ్దమే. రెండూ కలిస్తే ఒకే స్వరం కొన్ని మిల్లీసెకన్ల తేడాతో రెండుసార్లు వస్తుంది. తేడా 5 మిల్లీసెకన్లయితే 100, 300, 500 హెర్ట్జ్ దగ్గర, అలా పైపైకి గుంటలు పడతాయి. మధ్య సప్తకం డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఈక్వలైజర్‌తో దాన్ని బాగుచేయాలని చూస్తే గంటలు పోతాయి, ఫలితం ఉండదు.

సరిచేయడం తేలిక. ఐఆర్‌ను ఆడాసిటీ, రీపర్ లాంటి ఆడియో ఎడిటర్‌లో తెరిచి, నేరు శబ్దపు గీతను కత్తిరించి, కోసిన చోట 2-3 మిల్లీసెకన్ల ఫేడ్ ఇన్ ఇవ్వండి. కోసేసిన నిడివిని ప్లగిన్‌లోని ప్రీడిలేలో (రివర్బ్ మొదలయ్యే ముందు ఆగే సమయం) తిరిగి ఇవ్వండి, లేకపోతే గోడలు దగ్గరికి జరిగినట్టు ఉంటుంది. శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, మొదటి ప్రతిఫలనం నేరు శబ్దం కన్నా 7 మీటర్లు ఎక్కువ తిరిగి వస్తే ఆలస్యం దాదాపు 20 మిల్లీసెకన్లు. తరువాత ప్లగిన్‌ను విడి బస్ (మిక్సర్‌లో వేరే దారి) మీద నూటికి నూరు వెట్‌గా పెట్టి, పియానో ట్రాక్ నుంచి దానికి శబ్దం పంపే సెండ్‌ను -18 డెసిబెల్ దగ్గర మొదలుపెట్టండి. మెల్లగా పెంచుతూ, రివర్బ్ ఉందని తెలియగానే 2-3 డెసిబెల్ వెనక్కి తగ్గండి. పియానో దూరంగా, హాలు చివర ఉన్నట్టు కావాలంటే మాత్రం ఐఆర్‌ను కోయకుండా, డ్రై పూర్తిగా తీసేసి వాడాలి.

అపోహ: “ఐఆర్ ఎంత పొడుగుంటే పియానో అంత గ్రాండ్.”

వాస్తవం: నిమిషానికి 120 బీట్ల పాటలో 3 సెకన్ల తోక (స్వరం ఆగాక మిగిలే మోత) ఆరు బీట్ల మీద పరుచుకుంటుంది. ఎడమ చేతి బేస్ స్వరాలు ఒకదానిమీద ఒకటి పేరుకుని బురదవుతాయి, డప్పు దెబ్బ అందులో మునిగిపోతుంది. వేగమైన పాటకు 1 నుంచి 1.5 సెకన్లు చాలు. రివర్బ్ బస్ మీద 150-200 హెర్ట్జ్ కింద, 7-8 వేల హెర్ట్జ్ పైన కోయండి. ఆ ఈక్వలైజర్ పియానో ట్రాక్ మీద పడకూడదు.

అపోహ: “వేయి స్తంభాల గుడిల ఐఆర్ తీస్తే దాన్ని మించింది ఉండదు.”

వాస్తవం: రాయి శబ్దాన్ని బాగా తిప్పికొడుతుంది, నిజమే. కానీ తోక నిలవాలంటే గాలిని పట్టి ఉంచే మూసిన చోటు కావాలి. తెరిచిన పక్క నుంచి పోయిన శబ్దం మళ్లీ రాదు. అందుకే గదుల మోతను లెక్కగట్టిన శాస్త్రవేత్త వాలెస్ సేబిన్ శబ్ద శోషణను (గది ఎంత శబ్దాన్ని మింగుతుందో) తెరిచిన కిటికీతో కొలిచాడు. స్తంభాల మధ్య తెరిచిన మండపంలో శబ్దం అందంగా చెదురుతుంది తప్ప ఎక్కువసేపు నిలవదు. పైగా అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. అనుమతి లేకుండా ఐఆర్ కోసం స్పీకర్లు మోగించడం, బుడగలు పేల్చడం తప్పు.

మనకు అందుబాటులో ఉన్నది ఖాళీ ఫంక్షన్ హాలు. సేబిన్ సూత్రంతో ముందే అంచనా వేసుకోవచ్చు: ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి మొత్తం శోషణతో భాగించాలి. 30 మీటర్ల పొడవు, 18 వెడల్పు, 6 ఎత్తు ఉన్న హాలు 3,240 ఘనపు మీటర్లు. ఖాళీగా శోషణ 200 చదరపు మీటర్లు అనుకుంటే మోత 2.6 సెకన్లు. మనిషికి అర చదరపు మీటరు చొప్పున 400 మంది కూర్చుంటే 1.3 సెకన్లకు దిగుతుంది. పెళ్లి రోజు విన్న మోత ఖాళీ హాలు ఐఆర్‌లో దొరకకపోవడానికి కారణం అదే.

యజమానిని అడిగి తెల్లవారుజామున, జనరేటర్, ఏసీ, ఫ్యాన్లు ఆపి తీయండి. స్పీకర్‌ను పియానో ఉండే చోట, రెండు మైకులను శ్రోతల చోట పెట్టండి. 15-20 సెకన్ల స్వీప్‌ను కనీసం మూడుసార్లు మోగించండి. స్వీప్ నిడివి రెండింతలైతే వెనకాల హోరు కన్నా శబ్దం 3 డెసిబెల్ పైకి వస్తుంది. స్వీప్ బదులు బుడగ పేల్చి రికార్డు చేస్తే పని తొందరగా అవుతుంది గానీ బేస్ సరిగా రాదు. చివరికి తోకలో హోరు మొదలయ్యే చోట ఫేడ్ అవుట్ తప్పనిసరి. అది వదిలేస్తే పియానో ఆగాక బుస్సుమనే శబ్దం మిగులుతుంది.

అపోహ: “కన్వల్యూషన్ పెడితే లైవ్‌ల చేతికి శబ్దం ఆలస్యంగ వస్తది.”

వాస్తవం: 1999లో సోనీ డీఆర్ఈ-ఎస్777 లాంటి విడి యంత్రం కావాల్సిన పని ఇది. ఐఆర్‌ను చిన్నా పెద్దా ముక్కలు చేసి లెక్కించే పద్ధతిని విలియం గార్డ్‌నర్ 1995లోనే చూపించాడు, దానితో అదనపు ఆలస్యం ఉండదు. కొన్ని ప్లగిన్లు ప్రాసెసర్ భారం తగ్గించుకోవడానికి ఆలస్యం పెంచుతాయి, కాబట్టి జీరో లేటెన్సీ (ఆలస్యం లేని) ఎంపిక ఉందేమో చూడండి. ఇక మిగిలే ఆలస్యం కంప్యూటర్ ఒక్కో విడతలో లెక్కించే శాంపిళ్ల సంఖ్య, అంటే బఫర్‌ది: సెకనుకు 48 వేల శాంపిల్ రేటులో 128 బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3. చిటపటలు వస్తే ఐఆర్‌ను 1.5 సెకన్లకు కోయండి. చర్చిలో వాయించేటప్పుడైతే భవనమే మోగుతుంది, అక్కడ ప్లగిన్ తీసేయడమే మంచిది.

అపోహ: “ఐఆర్ ఏ ఫార్మాట్ల ఉన్నా ఒక్కటే.”

వాస్తవం: ఎంపీ3 చేస్తే పదునైన మొదలు అలుక్కుపోతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు వేవ్ ఫైలును ఆడియోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. 48 వేల ఐఆర్‌ను 44.1 వేల ప్రాజెక్టులో మార్చకుండా చదివే ప్లగిన్ అయితే తోక దాదాపు 9 శాతం సాగుతుంది, గది మోత ఒకటిన్నర స్వరస్థానం కిందికి జారుతుంది. ముందే ఐఆర్‌ను ప్రాజెక్టు రేటుకు మార్చుకోండి (రీశాంపిల్). ఎడమ, కుడి శబ్దాలకు గది స్పందనను విడివిడిగా ఉంచే నాలుగు ఛానెళ్ల ట్రూ స్టీరియో ఐఆర్ దొరికితే అదే తీసుకోండి, పియానో ఎడమ కుడి తేడా గదిలోనూ నిలుస్తుంది.

మిక్స్ అయ్యాక ఫోన్ స్పీకర్ మీద మోనోలో ఒకసారి వినండి. అప్పుడు పియానో ఉన్నట్టుండి పలచబడితే ఐఆర్‌లో నేరు శబ్దం ఇంకా మిగిలి ఉందేమో ముందు చూడండి.