కాలుతున్న సాకెట్ ఎంసీబీకి ఎందుకు కనబడదు?

గీజర్ ప్లగ్గు తీసి చూస్తే ఒక పిన్ను మాత్రం గోధుమరంగుకి తిరిగింది. సాకెట్‌లో ఆ రంధ్రం అంచు కూడా కాస్త కరిగింది. మెయిన్ ఆపి ప్లేటు ఊడదీస్తే, వైరు బిగించిన స్క్రూ వేలితోనే తిరిగింది, ఆ వైరు తొడుగు అంగుళం మేర పెళుసుబారి, ముట్టుకుంటే పెచ్చులుగా రాలింది. ఇంత జరిగినా, కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు, అదే ఎంసీబీ, ఒక్కసారి కూడా ట్రిప్ అవ్వలేదు.

అవ్వదు కూడా! కరెంటు పరిమితి దాటిందా అనేదే అది చూస్తుంది. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. వైరు వదులైతే అది పెరగదు, కొంచెం తగ్గుతుంది. లీకేజీని పట్టే స్విచ్చు ఆర్‌సీసీబీకీ తెలియదు, ఎందుకంటే కరెంటు ఎర్త్‌లోకి లీకవ్వడం లేదు, వెళ్లాల్సిన దారిలోనే వెళ్తోంది, కాకపోతే ఆ దారి ఒక్కచోట ఇరుకైంది.

కరెంటుని కరెంటుతోనే గుణించి, దాన్ని నిరోధంతో గుణిస్తే అక్కడ పుట్టే వేడి వాట్లలో వస్తుంది. గట్టిగా బిగించిన చోట నిరోధం చాలా తక్కువ, వేడి లెక్కలోకి రాదు. అదే వదులై నిరోధం అర ఓమ్‌కి చేరితే, 9 ఆంపియర్లకి 40 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొనకే సోల్డర్ తీగ కరిగిపోతుంది కదా, అంతకంటే ఎక్కువ వేడి ఇక్కడ గాలాడని డబ్బాలో, ప్లాస్టిక్ మధ్య పుడుతోంది! మామూలు పీవీసీ తొడుగు ఎప్పుడూ భరించగలిగేది 70 డిగ్రీల సెల్సియస్ వరకే. గీజర్‌కి తగ్గేది నాలుగైదు వోల్టులే కాబట్టి నీళ్లు ఎప్పట్లాగే కాగుతాయి, ఎవరికీ అనుమానం రాదు.

నాకు అన్నిటికంటే టెన్షన్ పుట్టించేది, ఇది దానంతటదే ముదురుతూ పోవడం. రాగి వేడికి వ్యాకోచించి, చల్లారితే ముడుచుకుంటుంది, రోజూ ఇలా జరిగేసరికి స్క్రూ పట్టు ఇంకా సడలుతుంది. రాగి మీద ఆక్సైడ్ పేరుకుని నిరోధం పెరుగుతుంది, మళ్లీ వేడి. ఒక్కోసారి ఆ ఆక్సైడే నిప్పుకణంలా ఎర్రగా వెలుగుతూ 1000 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం వైరుకి ఈ బెడద మరీ ఎక్కువ.

ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, బోర్డు దగ్గర చిటపటమన్నా, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా వాడకం ఆపెయ్యండి. దయచేసి ప్లగ్గు ఒక్కటే మార్చి ఊరుకోవద్దు, వేడికి సాకెట్ లోపలి రేకుల బిగువు పోయుంటుంది, అది కొత్త ప్లగ్గునీ కాల్చేస్తుంది. సాకెట్ కూడా మార్పించండి. నల్లబడ్డ వైరుని మెరిసే రాగి కనబడేదాకా కత్తిరించి, కొత్త స్క్రూ కింద బిగించాక, ప్లేటు మూసేముందు ఒకసారి లాగి చూడమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి.