గొలుసుల నుంచి సదరం దాకా: తీవ్ర మానసిక వ్యాధిగ్రస్తుల బతుకు ఎక్కడ ఆగింది?

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో, ఒక ప్రైవేటు మానసిక రోగుల హోంలో పాకకు నిప్పంటుకుంది. అక్కడి దర్గాకు తెస్తే నయమవుతుందని నమ్మి కుటుంబాలు వదిలివెళ్లిన మనుషులు వాళ్లు. కాళ్లకు గొలుసులు ఉండటంతో పరుగెత్తలేకపోయారు. పాతికమందికి పైగా కాలిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది.

ఆ గొలుసు వెనక పాత చట్టపు ఆలోచన ఉంది. 1912 నాటి లూనసీ చట్టానికి రోగి అంటే కాపలా పెట్టాల్సిన మనిషి. విశాఖ మానసిక ఆసుపత్రి మూలాలు 1871 నాటి పిచ్చాసుపత్రిలో ఉన్నాయి. 1987లో చేసి 1993లో అమలుకు తెచ్చిన చట్టమూ ప్రధానంగా చేర్చుకోవడం, లైసెన్సుల చుట్టూనే తిరిగింది. డిశ్చార్జి అయినవాడు రేపు ఏం తింటాడు, ఏం పని చేస్తాడు అన్నది దాదాపు ఎవరి లెక్కలోనూ లేదు. ఆ భారం అమ్మ మీదో, అక్క మీదో పడింది.

1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మాత్రలను జిల్లాల దాకా తెచ్చింది. ఇది నిజమైన మేలు. కానీ అదే మాత్రతో కొత్త చిక్కు. ఓలాంజపిన్, క్లోజపిన్ లాంటివి బరువు, షుగర్ పెంచుతాయి. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు మిగతావారికన్నా 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ చావుల్లో ఎక్కువ భాగం గుండె జబ్బు, షుగర్ లాంటి శారీరక రోగాల వల్లే. మందు మొదలుపెట్టే రోజునే బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ రాసుకోవాలి. మూడు నెలలకు మళ్లీ, ఆ తర్వాత ఏడాదికోసారి చూడాలి. మానసిక ఓపీలో నిద్ర, గొంతులు వినబడటం గురించే అడుగుతారు. మామూలు ఓపీలో ఛాతీ నొప్పి అంటే "అది నీ జబ్బు వల్లే" అని పంపేస్తారు. ప్రాణాలు పోయేది ఈ రెండు గదుల మధ్యే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసు కట్టడాన్ని, మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా కరెంటు చికిత్స ఇవ్వడాన్ని నిషేధించింది. సమాజంలో బతికే హక్కునూ రాసింది. కుటుంబం లేదన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు. అయితే బయటికి వచ్చినవారికి ఇల్లు కావాలి. చెన్నైలోని బన్యన్ సంస్థ 2015 నుంచి మామూలు వీధుల్లో అద్దె ఇళ్లు తీసుకుని, ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉన్నవారిని నలుగురైదుగురు చొప్పున కలిపి ఉంచుతోంది. అంటే ఇది సాధ్యమే. ప్రభుత్వాలు ఇంకా ఆ స్థాయికి రాలేదు.

ఇంట్లో ఉన్నవారికి మొదటి ఆసరా పింఛను. ఆంధ్రలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయలు. దానికి సదరం, అంటే ప్రభుత్వ వైకల్య నిర్ధారణ క్యాంపులో 40 శాతం వైకల్యం చూపాలి. మానసిక వ్యాధికి వాడే కొలమానం ఐడియాస్. సొంత శుభ్రత, మనుషులతో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, పని అనే నాలుగు అంశాలు. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు; ఇబ్బంది ఎక్కువైతే మార్కులూ ఎక్కువ. జబ్బు ఎన్నేళ్లదో దాన్నిబట్టి 1 నుంచి 4 కలుపుతారు: 2-5 ఏళ్లయితే 2, 6-10 ఏళ్లయితే 3, పదేళ్లు దాటితే 4. మొత్తం 20లో 7 వస్తే 40 శాతం.

ఇక్కడే చాలామంది నష్టపోతారు. క్యాంపు రోజున కొడుక్కి తలంటి, ఇస్త్రీ చొక్కా తొడిగి తెస్తారు. "ఎలా ఉన్నావు?" అంటే "బాగున్నా" అంటాడు. శుభ్రత సున్నా, మాట సున్నా. స్నానానికి రోజూ ఎన్నిసార్లు చెప్పాలో, వంటగదిలో ఒంటరిగా వదలగలమో లేదో, ఆఖరిసారి పనికి ఎప్పుడు వెళ్లాడో చెప్పగలిగిన ఒకరు పక్కన ఉండాలి. పన్నెండేళ్ల కిందటి మొదటి ఓపీ చీటీ ఉంటే ఒక్క కాలం లెక్కలోనే 4 మార్కులు. అది పోతే అదే మనిషికి 2 పడొచ్చు. పాత చీటీలు, డిశ్చార్జి కాగితాలు తేదీల వరుసలో పెట్టి, జిరాక్సు తీసి ఉంచుకోవాలి.

మానసిక వ్యాధికి సర్టిఫికెట్ తరచుగా తాత్కాలికంగానే ఇస్తారు. గడువు తేదీ కాగితం మీదే ఉంటుంది. దానికి కొన్ని నెలల ముందే మళ్లీ స్లాట్ తీసుకోవాలి. లేకపోతే పింఛను ఆగిపోతుంది, మందులు కొనే డబ్బూ అక్కడే ఆగుతుంది.