సన్నీ బిల్ గోడ దూకిన రోజు: రగ్బీలో పదేళ్ల నిషేధం వెనక పాత కథ

ఆర్‌360 లాంటి గుర్తింపు లేని పోటీలకు సంతకం పెట్టే ఆటగాళ్లు పదేళ్లపాటు తమ అగ్రశ్రేణి లీగ్ పోటీ ఎన్‌ఆర్‌ఎల్ గడప తొక్కకూడదని ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ కమిషన్ 2025 అక్టోబరులో తేల్చి చెప్పింది. బేరం కుదిర్చిన ఏజెంట్లకూ అదే శిక్ష. ఆర్‌360 అంటే ఇంగ్లండ్ మాజీ ఆటగాడు మైక్ టిండాల్ ముందుండి నడిపిస్తున్న ప్రైవేటు రగ్బీ యూనియన్ పోటీ. ఇంకా మొదలుకాలేదు. అయినా దాని పేరు చెప్పగానే, నిషేధాన్ని సమర్థించేవాళ్లు పాత ఫైళ్లలోంచి మళ్లీ బయటికి తీస్తున్న పేరు, 2008లో లీగ్ ఒప్పందాన్ని మధ్యలో వదిలి యూనియన్‌కి వెళ్లిన న్యూజిలాండ్ ఆటగాడు సన్నీ బిల్ విలియమ్స్.

రగ్బీ రెండుగా ఎందుకు చీలిందో, 15 మంది ఆడే యూనియన్‌కీ 13 మంది ఆడే లీగ్‌కీ తగువేమిటో ఇప్పుడు ఏకరువు పెట్టనక్కర్లేదు. 1995 దాకా యూనియన్‌లో ఆటకు డబ్బు పుచ్చుకోవడమే నేరం గనక వలసలు ఎక్కువగా లీగ్ వైపే సాగేవి. ఆ నిబంధన పోయాక గాలి రెండో వైపు నుంచీ వీచింది. ఆక్లాండ్ కుర్రాడు సన్నీ బిల్ 19 ఏళ్లకే, 2004లో, సిడ్నీ క్లబ్ బుల్‌డాగ్స్‌తో టైటిల్ గెలవడం కూడా అందరికీ తెలిసిందే. తేల్చాల్సిన లెక్కంతా 2008 జులైలో ఉంది.

అప్పటికి అతను బుల్‌డాగ్స్‌తో ఐదేళ్ల ఒప్పందంలో ఉన్నాడు. అందులో సగం కూడా గడవలేదు. సీజన్ నడుస్తోంది. కోచ్‌కి గానీ తోటి ఆటగాళ్లకి గానీ చెప్పాపెట్టకుండా సిడ్నీలో విమానమెక్కి ఫ్రాన్స్‌లోని టూలాన్ క్లబ్‌లో తేలాడు. టూలాన్ అప్పుడే ఫ్రెంచ్ అగ్రశ్రేణి పోటీ టాప్ 14లోకి వచ్చింది. యజమాని మూరాద్ బుజెలాల్ కామిక్ పుస్తకాల ప్రచురణలో సంపాదించిన మనిషి, ఖర్చుకి వెనకాడే రకం కాదు. కోచ్ న్యూజిలాండ్ మాజీ కెప్టెన్ టానా ఉమగా.

బుల్‌డాగ్స్ కోపంలో న్యాయం లేదనలేం. వాళ్లు ఆ సీజన్‌ని పట్టికలో అట్టడుగున ముగించారు. న్యూసౌత్‌వేల్స్ సుప్రీంకోర్టు మెట్లెక్కారు. చివరికి దాదాపు 7.5 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు రాజీ కుదిరింది. ఆ సొమ్ముకి బాక్సర్ ఆంథోనీ ముండీన్ చేయి అందించాడని అప్పట్లో వార్తలొచ్చాయి. ఎన్‌ఆర్‌ఎల్ మాత్రం 2013 దాకా తలుపులు మూసేసింది.

ఇక ఆటగాడి వైపు. ఐపీఎల్ వేలంలో ఫ్రాంచైజీల పర్సుకి హద్దు ఉన్నట్టే ఎన్‌ఆర్‌ఎల్‌లోనూ క్లబ్ జీతాల మొత్తానికి గరిష్ఠ పరిమితి ఉంది. జట్ల మధ్య సమతూకం కోసం పెట్టిందది, ఆ పని చేస్తోంది కూడా. కానీ ఆ భారం మోసేది ఎవరు? స్టేడియం నింపే ఆటగాడికి బయట మార్కెట్లో పలికే ధర వేరు, లోపల చేతికొచ్చేది వేరు. సన్నీ బిల్ వెళ్లిపోతూ వేలెత్తి చూపింది ఈ పరిమితినే. ఒప్పందం పవిత్రమని వాదించే క్లబ్బులు తమకు అక్కర తీరాక ఆటగాణ్ని గడువుకు ముందే సాగనంపడం కొత్తేమీ కాదు. దాన్ని మాత్రం ద్రోహమని ఎవరూ అనరు.

అతనికి యూనియన్‌లో అంత గిరాకీ ఎందుకో ఒక్క విద్య చూస్తే అర్థమవుతుంది. లీగ్‌లో పట్టుబడ్డవాడు లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టి ఆట కొనసాగిస్తాడు. యూనియన్‌లో అయితే పట్టుబడగానే బంతి వదలాలి, దానికోసం ఇరుపక్షాలూ మీదపడి తోసుకోవాలి. ఇద్దరు ప్రత్యర్థులు నడుము పట్టి కిందికి లాగుతుండగా, మోకాలు నేలకి ఆనకముందే, ఒంటిచేత్తో బంతిని వాళ్ల వీపుల మీదుగా తనవాడికి అందించేస్తే ఆ తోపులాట బెడదే ఉండదు. ఆఫ్‌లోడ్ అంటారు దాన్ని. 2015 ప్రపంచకప్ ఫైనల్లో విరామం తర్వాత మైదానంలోకి వచ్చిన కాసేపటికే అతను అందించిన అలాంటి బంతితోనే న్యూజిలాండ్ సహచరుడు మా నోను ఆస్ట్రేలియా మీద ట్రై (ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకి ఆనించి పాయింట్లు సాధించడం) చేశాడు.

మాట తప్పినవాడన్న ముద్ర సంగతికొస్తే, టూలాన్‌లో రెండేళ్లూ పూర్తిగా ఆడాడు. 2010లో ఆ క్లబ్ మళ్లీ భారీ మొత్తం చూపినా కాదని, న్యూజిలాండ్ జాతీయ జట్టు నల్ల జెర్సీ కోసం స్వదేశం వచ్చేశాడు. 2011లో ప్రపంచకప్, 2012లో న్యూజిలాండ్ జట్టు చీఫ్స్‌తో సూపర్ రగ్బీ అనే యూనియన్ పోటీలో టైటిల్. అక్కడే ఉండిపోవచ్చు. ఉండలేదు. సిడ్నీ రూస్టర్స్ చైర్మన్ నిక్ పొలిటిస్‌కి అంతకు చాలా ముందే చేయి కలిపి ఇచ్చిన మాట ఒకటుంది. నిషేధం గడువు తీరగానే, 2013లో, ఆ మాట కోసం లీగ్‌కి తిరిగొచ్చాడు. ఆ ఏడాదే రూస్టర్స్ ఫైనల్లో మాన్లీని 26-18తో ఓడించింది. అంతర్జాతీయ సమాఖ్య ఆ ఏటి మేటి లీగ్ ఆటగాడిగా అతన్నే ఎంచుకుంది. తలుపు మూసిన ఎన్‌ఆర్‌ఎల్‌కి ఆ రాకతో వచ్చిన ప్రచారం చేదనిపించలేదు.

నిలకడ లేదన్న విమర్శ పూర్తిగా గాలిమాట కాదు. అదే ఏడాది లీగ్ ప్రపంచకప్‌కి రానని చెప్పి, జట్టు ప్రకటించిన మర్నాడే వస్తానన్నాడు. అతనికి చోటివ్వడానికి యువ ఆటగాడు టోహు హారిస్‌ని తప్పించారు. ఫైనల్లో న్యూజిలాండ్ 34-2తో ఓడిపోయింది కూడా.

ఇప్పటి వివాదానికి పనికొచ్చే రెండో ఉదాహరణ జోసెఫ్ సువాలి. ఆస్ట్రేలియాలో యూనియన్‌ని నడిపే రగ్బీ ఆస్ట్రేలియా అతన్ని రూస్టర్స్ నుంచి తీసుకుంటున్నట్టు 2023 మార్చిలోనే ప్రకటించింది. 2024 సీజన్ ముగిసేదాకా అతను లీగ్‌లోనే ఆడాడు. ఆ నవంబరులో ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్‌పై ఆస్ట్రేలియా 42-37తో గెలిచిన మ్యాచే అతనికి యూనియన్‌లో తొలి ప్రొఫెషనల్ మ్యాచ్. లీగ్ పెద్దలు సణిగారు, కోర్టుకి మాత్రం వెళ్లలేదు. వెళ్లడానికి ఆధారమే లేదు.

అందుకే 2008ని చూపించి 2025 నిబంధనను సమర్థించడం అతకడం లేదు. అప్పటి శిక్ష ఒప్పందాన్ని నడిమధ్యలో వదిలేసినందుకు. ఇప్పటిది ఆటగాడు ఎటు వెళుతున్నాడో చూసి వేసేది. సువాలిలాగా గడువంతా ఆడి, చేతులు దులుపుకుని, కొత్త పోటీకి సంతకం పెట్టినవాడికీ అదే పదేళ్లు. 24 ఏళ్ల ఆటగాడికైతే అది 34వ ఏడు దాకా.