మిజెరేరె: నెమ్మది నడక, జి మైనర్, ఆ ఒక్క పై స్వరం

ఇప్పుడు ఏ పాట పేరు కొట్టినా దాని టెంపో (వేగం) ఇంత, కీ (పాట ఏ స్వరాన్ని ఆధారంగా చేసుకుని నడుస్తుందో) ఇది, మూడ్ ఇది అని మూడు మాటల్లో చెప్పేసే యాప్స్ ఉన్నాయి. సినిమా పాటలకి, డాన్స్ ట్రాకులకి అవి చాలావరకు సరిగ్గానే చెప్తాయి. కానీ గ్రెగోరియో అలెగ్రి కంపోజ్ చేసిన మిజెరేరె దగ్గరికొచ్చేసరికి, అందులోనూ 1963లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజ్ చాపెల్ లో డేవిడ్ విల్‌కాక్స్ ఆధ్వర్యంలో చేసిన ఫేమస్ రికార్డింగ్ దగ్గరికొచ్చేసరికి, ఆ మూడింటిలో ఏదీ ఒక్క మాటతో తేలదు, అందుకే ఇది నాకు అంత ఇష్టం.

మన చర్చిల్లో చదివే 51వ కీర్తనే ఇది, దేవుణ్ణి కరుణించమని అడిగేది. అలెగ్రి దీన్ని 1630ల్లో రోమ్ లోని సిస్టైన్ చాపెల్ కోసం రాశాడు. ఈస్టర్ ముందు వారంలో కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పుతూ చేసే ఆరాధనలో పాడేవాళ్ళు. అయిదు గొంతు భాగాల కోరస్ ఒకటి, నాలుగు భాగాల కోరస్ ఇంకోటి, వీళ్ళ మధ్యలో వాయిద్యం, హార్మొనీ ఏమీ లేకుండా ఒకే వరసలో సాగే పాత చర్చి పఠనం, చివర్లో తొమ్మిది భాగాలూ కలుస్తాయి.

ముందు టెంపో సంగతి. మొత్తం పన్నెండు నిమిషాల దాకా సాగుతుంది కాబట్టి స్లో అనేస్తాం, కానీ దీనికి తాళం వేసి చూడండి, ఎక్కడా నిలవదు. ఎందుకంటే కోరస్ ఒకే కార్డ్ (ఒకేసారి పలికే కొన్ని స్వరాల కలయిక) మీద నిలబడి బోలెడు అక్షరాల్ని మాట్లాడే వేగంతో చెప్పేస్తుంది, తర్వాత వాక్యం చివర్లో మాత్రం స్వరాలు కదులుతూ సాగదీస్తుంది, అంటే వేగాన్ని నడిపేది బీట్ కాదు, మాట, ఊపిరి. వాటితో పాటు బిల్డింగ్ కూడా. కింగ్స్ చాపెల్ దాదాపు 88 మీటర్ల పొడవు, 24 మీటర్ల ఎత్తు, పైన అంతా రాతి కప్పు, లోపల శబ్దం చచ్చిపోవడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. తొందరపడి పాడితే ముందు కార్డ్ పోకముందే తర్వాతది దాని మీద పడి అంతా గజిబిజి అయిపోతుంది, అందుకని కోరస్ ఆగి, గది ఖాళీ అయ్యాక మొదలెట్టాలి. ఆ ఆగడాలన్నీ కూడా టెంపోలో భాగమే. బీట్ లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ కి అవి దొరకవు.

ఇక కీ. మన కచేరీల్లో శ్రుతి మారినా రాగం మారదు, ఒకటి శ్రుతికి పాడినా అయిదు శ్రుతికి పాడినా శంకరాభరణం శంకరాభరణమే. వెస్టర్న్ కోరస్ లోనూ మొత్తం పాటని పైకో కిందకో జరిపితే అంతే, గొంతు మీద బరువు మారుతుంది గానీ స్వరాల మధ్య దూరాలు మారవు. కానీ ఇక్కడ జరిగింది వేరు, మొత్తం కాకుండా ఒక ముక్క మాత్రమే జరిగింది! 1831లో జర్మన్ కంపోజర్ మెండెల్‌సన్ రోమ్ లో దీన్ని విని నోట్ చేసుకున్నాడు, ఆయన రాసుకున్న భాగం మామూలు కంటే ఒక ఫోర్త్ పైన ఉంది, అంటే మన లెక్కలో సా నుంచి మా అంత ఎత్తు. తర్వాత 1880లో గ్రోవ్ సంగీత నిఘంటువు కోసం ఆ భాగాన్ని కింది శ్రుతిలో ఉన్న మిగతా పాట పక్కన అలాగే అతికించేశారు. దాంతో జి మైనర్ లో (జి స్వరం ఆధారంగా, కాస్త విషాదంగా వినిపించే మైనర్ స్వరాల వరసలో) నడుస్తున్న పాట రెండో కోరస్ మధ్యలో ఉన్నట్టుండి సి మైనర్ వైపు ఎగిరిపోతుంది. 1951లో ఐవర్ అట్కిన్స్ తెచ్చిన ఇంగ్లిష్ ఎడిషన్ కూడా ఇదే దారిలో వెళ్ళింది, కింగ్స్ వాళ్ళు పాడింది అదే. అలెగ్రి రాసిన దాంట్లో ఈ ఎగురుడు లేదు, ప్రపంచం అంతా వినేది మాత్రం ఆ ఎగురుడు కోసమే. (పద్నాలుగేళ్ళ మొజార్ట్ 1770లో దీన్ని విని వచ్చి జ్ఞాపకం మీద రాసేశాడన్న కథ చాలామందికి తెలుసు, ఆయన విన్నది కూడా ఈ అతుకు పడని పాటే.)

ఆ ముక్క జరగకపోయి ఉంటే రెండో కోరస్ లోని అతి పై స్వరం జి దగ్గర, సుమారు 784 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) దగ్గర ఆగేది. జరిగింది కాబట్టి 1046 హెర్ట్జ్ ఉండే సి స్వరం దాకా వెళ్తుంది, 1963 రికార్డింగ్ లో దాన్ని పాడింది పన్నెండేళ్ళ రాయ్ గుడ్‌మన్. మగవాళ్ళు మామూలుగా మాట్లాడే గొంతుకి ఇది ఎనిమిది రెట్లకి పైనే. అంత ఎత్తులో ఒక విచిత్రం జరుగుతుంది. మనం 'ఈ'కీ 'ఊ'కీ 'ఆ'కీ తేడా పట్టుకునేది నోటి కుహరంలో కొన్ని ఫ్రీక్వెన్సీలు బలపడటం వల్ల, వాటిలో మొదటిది చాలా అచ్చులకి 1000 హెర్ట్జ్ కంటే కిందే ఉంటుంది. పాడే స్వరమే దాన్ని దాటి పైకి పోతే ఆ కింది భాగంలో బలపడటానికి ఏమీ మిగలదు, అచ్చుల మధ్య తేడా చెరిగిపోతుంది. పైగా దాని హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటే పలికే, దానికి రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీలు) కూడా 2093, 3139 అంటూ దూరం దూరంగా పడతాయి కాబట్టి గొంతులోని గరుకు తగ్గి, గాజులా స్వచ్ఛంగా వినిపిస్తుంది. ఇది మనిషి గొంతేనా అనిపించడానికి సగం కారణం ఇదే, మిగతా సగం ఆ రాతి గది.

మరి మూడ్? 1930ల్లో అమెరికాలో కేట్ హెవ్నర్ అనే సైకాలజిస్ట్ ఒకే ట్యూన్ ని మేజర్ లో, మైనర్ లో, స్పీడుగా, నెమ్మదిగా, పై స్థాయిలో, కింది స్థాయిలో వాయించి వినిపించి, జనాన్ని దానికి తగ్గ విశేషణాలు ఎంచుకోమంది. నెమ్మదిగా ఉంటే గంభీరం, శాంతం, విచారం వైపు వెళ్ళారు, మైనర్ అంటే దుఃఖం వైపు, పై స్థాయి అంటే తేలికగా, హుషారుగా ఉందన్నారు. ఈ లెక్కన మిజెరేరెలో నడకా మైనరూ కలిసి కిందికి లాగుతుంటే ఆ ఒక్క సి మాత్రం పైకి లాగుతోంది, దాన్ని విచారం అని ఒక్క ముక్కలో తేల్చడం నాకైతే తప్పనిపిస్తుంది. పశ్చాత్తాపంతో ఏడుస్తున్న మనిషికి క్షమాపణ దొరుకుతుందేమో అన్న ఆశ కూడా ఆ కీర్తనలోనే ఉంది కదా, సంగీతంలో రెండూ ఒకేసారి వినిపిస్తాయి. ఆ సి పన్నెండు నిమిషాల్లో వచ్చేది అయిదుసార్లే, మధ్యలో అంతా పఠనం, మళ్ళీ మొదటి కోరస్, మళ్ళీ పఠనం. రెండోసారి నుంచి అది వస్తుందని చెవికి ముందే తెలుసు, అయినా ఎదురుచూస్తాం. ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం వినండి, ఆ సి ఉన్న క్లిప్ ఒక్కటే వినకండి, ఎందుకంటే ఆ ఎదురుచూపు లేకుండా అది ఉత్త ఎత్తైన స్వరం మాత్రమే.