రౌడీషీటు భయం, అన్న ఇప్పించే బెయిలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

బెజవాడ స్టేషన్లలో పాతికేళ్లు పనిచేశాను. అందులో చాలాకాలం పిల్లల కేసులే చూశాను. రిటైరైనా ప్రశ్న మాత్రం వదల్లేదు. మొన్న రైతుబజార్లో ఒకావిడ బెండకాయలు ఏరుతూనే గొంతు తగ్గించి అడిగింది: "మేడం, మావాడు ఏదో బ్యాచ్‌తో తిరుగుతున్నాడండి. స్టేషన్లో చెబితే రౌడీషీటు పెట్టేస్తారంటగా?"

అపోహ: పేరు ఒక్కసారి స్టేషన్‌కెక్కితే చాలు, రౌడీషీటు పడుతుంది. ఇక ఉద్యోగం, పాస్‌పోర్టు మర్చిపోవాల్సిందే.

నేను చూసినంతలో పిల్లల్ని కత్తుల కంటే ఎక్కువ ముంచింది ఈ పుకారే. రౌడీషీటు అంటే ఒక మనిషి మీద నిఘా కోసం స్టేషన్లో తెరిచి ఉంచే రికార్డు. అది ఎస్సైకి కోపమొచ్చినప్పుడు తెరిచేది కాదు. పోలీసులు పాటించాల్సిన స్టాండింగ్ ఆర్డర్లలో ఉన్న మాట 'అలవాటుగా'. అలవాటుగా కొట్లాటలకు దిగేవాడు, బెదిరించి ఆస్తులు రాయించుకునేవాడు, ఇలాంటి వాళ్ల మీద తెరుస్తారు. ఏదో ఒక్క గొడవ చూపించి అలవాటు అంటే కోర్టులు ఒప్పుకోవు. పైగా డీఎస్పీ, ఏసీపీ స్థాయి ఉత్తర్వు ఉండాలి. ఆ ఏడాది డిసెంబరు దాటి కొనసాగించాలన్నా మళ్లీ పైఅధికారి సంతకం కావాలి. మావాళ్లు అడ్డగోలుగా తెరిచిన షీట్లు లేవని అనను. హైకోర్టు కొట్టేసినవీ ఉన్నాయి. కానీ కొడుకు గురించి భయపడి వచ్చిన తల్లి మాట విని వాడి మీద షీటు తెరవడం నా సర్వీసులో చూడలేదు.

పద్దెనిమిది నిండని వాడి సంగతి వేరు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం వాణ్ని లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లో పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. చిన్నాచితకా గొడవైతే ఎఫ్‌ఐఆర్ కూడా ఉండదు, జీడీలో, అంటే స్టేషన్ రోజువారీ డైరీలో, ఎంట్రీ చేసి బోర్డుకు రిపోర్టు పంపుతారు. ఎఫ్‌ఐఆర్ ఎప్పుడు కడతారంటే, నేరం మరీ ఘోరమైనదైనప్పుడు, లేదా పెద్దవాళ్లతో కలిసి చేసినప్పుడు. అంటే మీవాడి మీదికి ఎఫ్‌ఐఆర్ తెచ్చేది చాలాసార్లు ఆ బ్యాచే! ముగిసిన పిల్లల కేసు వివరాలు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం బయటపెట్టడానికి కూడా వీల్లేదు.

ఇవేవీ తెలియని ఇంట్లోకి 'అన్న', అంటే బ్యాచ్‌ని నడిపించే పెద్దవాడు, వస్తాడు.

సింగ్‌నగర్‌లో పునుగుల బండి నడిపే ఒకావిడ ఉండేది. కొడుకు ఇంటర్ ఫస్టియర్. క్రికెట్ దగ్గర గొడవై అవతలి పిల్లాడి తల పగిలింది. ఆ రాత్రే ఒక అన్న ఇంటికొచ్చాడు. "మీరు స్టేషన్ మెట్లెక్కొద్దమ్మా, షీటు పెట్టేస్తారు. నేను మాట్లాడతాలే." డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాడు, "నా తమ్ముడు కాదా" అన్నాడు. మర్నాడొచ్చి, పనైపోయింది, బెయిల్ కూడా మాట్లాడేశానని చెప్పాడు. ఆవిడ చేతులెత్తి దండం పెట్టిందట.

తర్వాత నేను జీడీ తిరగేశాను. అసలు ఫిర్యాదే రాలేదు! లేని కేసుకి బెయిలేమిటి? నిజంగా కేసైనా, మైనర్‌కి బెయిల్ ఇవ్వడమే మామూలు పద్ధతి. జామీను లేకపోయినా బోర్డు తల్లికి అప్పగించగలదు. చట్టం ఊరికే ఇచ్చేదాన్నే అన్న తన దయలాగా అంటగట్టాడు.

ఆ బాకీ పిల్లాడు తీర్చాడు. ముందు నంబర్ ప్లేటు లేని బండి నడిపాడు. తర్వాత సెటిల్‌మెంట్లకు తలకాయల లెక్కకు వెళ్లి నిలబడ్డాడు. ఆ తర్వాత 'ఒక్క రాత్రి మీ ఇంట్లో ఉంచరా' అని ఇచ్చిన సంచి. గ్యాస్ సిలిండర్ వెనక గంజాయి కనిపించేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. ఆవిడ అప్పుడొచ్చింది మా దగ్గరికి. "షీటు వేస్తారేమోనని రాలేదండి" అని ఏడుస్తుంటే తిట్టాలనిపించింది. తిట్టలేకపోయాను. మెట్లెక్కితే గద్దించి పంపే మొహాలు మా స్టేషన్లోనూ ఉండేవి, ఆవిడ భయం గాల్లోంచి రాలేదు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

మైనరేగా, ఏమీ కాదు: ఇది అన్నలు పుట్టించిన మాట. 16 దాటినవాడు ఘోరమైన నేరం చేస్తే, బోర్డు పరిశీలించి పెద్దవాళ్ల లాగే విచారణకు పంపొచ్చు. పిల్లల్ని గ్యాంగ్ పనులకు వాడే పెద్దవాడికైతే ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, ఐదు లక్షల జరిమానా. ఈ సెక్షన్ అన్నలకు బాగా తెలుసు, అమ్మలకే తెలియదు.

అలగా పిల్లలే చేరతారు: డెబ్బైల్లో, ఎనభైల్లో ఈ ఊరి గొడవలు కాలేజీ యూనియన్ల చుట్టూ తిరిగాయి. 2020 మేలో పటమటలో రెండు గ్యాంగులు కొట్టుకుని ఒకరు చనిపోయారే, దాని వెనకున్నది అపార్ట్‌మెంట్ సెటిల్‌మెంట్. పేటల పిల్లల్ని అనడం సులువు, అంతే.

నాలుగు తగిలించండి సార్, దారికొస్తాడు: రాడు. దెబ్బలు తిన్నవాడు బ్యాచ్‌లో హీరో అవుతాడు. తన్నమని కొడుకును లాక్కొచ్చిన తండ్రికి నేను టీ ఇప్పించి, ముందు మీరు కూర్చోండి అనేదాన్ని.

ఇంతకీ బెండకాయల ఆవిడకు చెప్పింది ఇది. ప్రతి స్టేషన్‌లో బాలల సంక్షేమ అధికారి ఉండాలి, ఆ పేరు చెప్పి అడగండి. స్టేషన్ అంటేనే టెన్షనైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. గంజాయి వాసన వస్తే మత్తుమందుల మీద ఫిర్యాదుల నంబరు 1972కి చేయండి. పిల్లాడి టెన్త్ మెమో దగ్గరుంచుకోండి, వయసు రుజువుకి బోర్డు ముందుగా చూసేది స్కూలు కాగితాలనే. ఆవిడ బెండకాయల సంచీలోంచి ఫోన్ తీసి నంబర్లు ఎక్కించుకుంది. వాడి వయసెంతని అడిగితే, వచ్చే శ్రావణానికి పదిహేడు నిండుతాయంది.